తమ్ముడి ఎముకల్లో కుదురు

తమ్ముడిది ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. మొదటి కీమో పూర్తయ్యాక వాడి ఎముకల్లోని మూలుగ పరీక్షలో క్యాన్సర్ కణాలు దాదాపు కనిపించలేదు. ఏడు నెలలకు మళ్లీ వచ్చాయి. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయని డాక్టరుగారిని నిలదీసినట్టే అడిగాను. ఆయన విసుక్కోకుండా మందుల చీటీ వెనుక ఎముక బొమ్మ గీశారు.

"రక్తాన్ని పుట్టించే మూలకణాలు మూలుగలో ఎక్కడ పడితే అక్కడ ఉండవమ్మా. ముఖ్యంగా రక్తనాళాల చుట్టూ వాటికంటూ నెలవులుంటాయి. అక్కడి కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే ప్రొటీన్‌తో వాటిని పట్టి ఉంచుతాయి."

మాంచెస్టర్‌లో పనిచేసిన రే స్కోఫీల్డ్ 1978లోనే ఈ నెలవును ఊహించారట. నాకు మాత్రం అమ్మమ్మ నీళ్లకుండ కింద పెట్టే గడ్డి కుదురు గుర్తొచ్చింది. ల్యుకేమియా ఆ కుదురునే ఆక్రమిస్తుంది. మంచి కణాలకు చోటు లేకుండా చేసి, చుట్టుపక్కల కణాలను తనకు అనువుగా మార్చుకుంటుంది. క్యాన్సర్ మూలకణాలు కొన్ని అందులో విభజన మానేసి నిద్రాణంగా ఉండిపోతాయి. తమ్ముడికి 7 రోజులు సైటరబిన్, 3 రోజులు డానోరూబిసిన్ అనే కీమో మందులు ఎక్కించారు. అవి చురుకుగా విభజన చెందే కణాల మీదే బాగా పనిచేస్తాయి. నిద్రపోయేవి తప్పించుకుంటాయి.

ఇక మిగిలింది మూలకణ మార్పిడి. దానికి దాత కణజాల రకం కలవాలి. తోబుట్టువుల మధ్య అది పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. నమూనా ఎక్కడో ఆగిపోయి రిపోర్టు పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. చివరికి నాది సరిపోయింది.

నాలుగు రోజులు పొద్దున్నే మియాపూర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. మూడో రోజుకు నడుము, తుంటి, రొమ్ము ఎముకల్లో లోపలి నుంచి సలుపు. ఆ మందు మూలుగలో కణాలను పట్టి ఉంచే సీఎక్స్‌సీఎల్12 ప్రొటీన్‌నే తగ్గిస్తుంది. పట్టు సడలిన మూలకణాలు రక్తంలోకి వస్తాయి. నా ఎముకల్లో ఏం జరుగుతోందో తెలిశాక నొప్పి తగ్గలేదు కానీ, భయం పోయింది.

అయిదో రోజు రెండు చేతులకూ గొట్టాలు పెట్టి నాలుగున్నర గంటలు యంత్రం పక్కన పడుకోబెట్టారు. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల పెదవులు జివ్వుమన్నాయి. కాల్షియం ఇచ్చాక సర్దుకుంది. టమాటా చారు రంగులో చిన్న సంచి నిండింది.

తమ్ముడికి అప్పటికే గట్టి కీమోతో పాత కుదురును ఖాళీ చేశారు. సంచిని మామూలు రక్తంలా చేతి నరానికే ఎక్కిస్తుంటే అమ్మ కంగారుపడింది.

"ఎముకలోకి వేయరా?"

"అక్కర్లేదమ్మా, దారి వాటికే తెలుసు" అంది నర్సు. ఆ దారి చూపేదీ సీఎక్స్‌సీఎల్12 ప్రొటీనే.

పదహారో రోజుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వరుసగా మూడు రోజులు 500 దాటాయి. "కుదురుకున్నాయమ్మా" అన్నారు డాక్టరుగారు.

తమ్ముడిది ఓ పాజిటివ్, నాది బీ పాజిటివ్. నెలల తర్వాత, మొన్నటి రిపోర్టులో వాడిదీ బీ పాజిటివ్ అని వచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని మడిచి, మా ఇద్దరి పుట్టిన తేదీలు రాసుకున్న పాత డైరీలో పెట్టుకుంది.