చాప కింద తడి

పొద్దున ఐదింటికి వీపుకు చల్లగా తగిలి మెలకువ వచ్చింది. చాప ఎత్తి చూస్తే పడవ అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు.

బాపు ఏమీ అనలేదు. సగానికి కోసిన నూనె డబ్బా ఒకటి నా చేతికిచ్చి, ఇంకోటి తను తీసుకున్నాడు. నీళ్లు తోడడం అయ్యేసరికి కాళేశ్వరం గుడిలో మైకు మొదలైంది.

పడవను ఇసుకలోకి లాగాం. లోపల నీళ్లు పోసి బయట ఎక్కడ కారుతుందో చూశాం. రెండు చెక్కల మధ్య జానెడు పొడవున సందు. బాపు పాత పత్తిని ఉలితో గీకేసి, కొత్త పత్తికి పురి పెట్టి, కాచిన డాంబరులో ముంచి లోపలికి దిగ్గొట్టాడు. సగంలో ఉలి నాకిచ్చాడు. "మెల్లగా కొట్టు బిడ్డా, చెక్క పగుల్తది."

నీళ్లలో నానితే చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఎండితే ముడుచుకుంటుంది. రంగు వేద్దామని ఈ ఎండల్లో ఇరవై రోజులు గట్టుమీద పెట్టించింది నేనే. వద్దని బాపు అప్పుడే చెప్పాడు. ఇవాళ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

సాయంత్రం మళ్లీ గోదాట్లోకి దించాం. వలలు వేసిన రాత్రి కదా, పడక ఇక్కడే. అవతల సిరొంచ దీపాలు, వంతెన మీద లారీల చప్పుడు. బాపు నిద్రపోయాడు.

నేను చాప కింద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నా. ఇప్పటిదాకా పొడిగానే ఉంది.