కంటికి కాపడం

డ్రై ఐ, అంటే కన్ను తడి ఆరిపోయే జబ్బు ఉన్నవాళ్ళకి కళ్ళల్లోంచి నీళ్ళు కారతాయంటే మొదట్లో నేనూ నమ్మలేదు. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. నెలనెలా 20వ తేదీ దగ్గరపడుతోందంటే జీఎస్టీ రిటర్నుల హడావిడి, పొద్దుగూకులూ కంప్యూటర్ ముందే. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి గరగరలాడేవి. ఏసీ గాలి తగిలితే చాలు, బొటబొటా నీళ్ళు. తెర మీద అంకెలు అలుక్కుపోయేవి, రెప్ప కొడితే మళ్ళీ తేటపడేవి.

"ఒంట్లో వేడి చేసిందమ్మా" అని మా అత్తగారు తేల్చేశారు. రాత్రిళ్ళు నందివర్ధనం పూలు నీళ్ళలో తడిపి రెప్పల మీద పెట్టేవారు. పెట్టినంతసేపూ హాయిగానే ఉండేది, కాదనను. సబ్జా నీళ్ళు, మజ్జిగ, మాడుకి ఆముదం అన్నీ అయ్యాయి. మందుల షాపులో ఎరుపు తగ్గడానికని ఏవో డ్రాప్స్ ఇచ్చారు. వేసిన కాసేపు కన్ను తెల్లగా మెరిసేది, దాని పని అయిపోగానే ఇంకాస్త ఎర్రబడేది.

చివరికి కార్నియా (కంటి ముందుండే తేట పొర) చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ముందు కంట్లో నారింజ రంగు కాగితం అంచు తాకించి, నీలం వెలుతురు వేసి, రెప్ప కొట్టకుండా చూడమన్నారు. కంటి మీద తడి పొర చెదరడానికి కనీసం 10 సెకన్లు పట్టాలట. నాకు నాలుగు కూడా పట్టలేదు. ఆ తర్వాత కింది రెప్పకి సన్నటి కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. అది 10 మిల్లీమీటర్లు దాటి తడిసింది. అంటే నీటికి లోటు లేదు.

లోటు ఎక్కడుందో రెప్ప నొక్కి చూస్తే తెలిసింది. రెప్ప అంచున వెంట్రుకల వెనక వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి, మీబోమియన్ అనే నూనె గ్రంథులవి. మెల్లగా నొక్కితే తేట నూనె రావాలి. నాకు టూత్‌పేస్టులా తెల్లగా, చిక్కగా వచ్చింది. కొన్నిట్లోంచి అదీ రాలేదు. ఆవిడ ఆ ఫొటో కంప్యూటర్‌లో పెద్దది చేసి మరీ చూపించారు.

ఈ నూనె కన్నీటి పైన పల్చగా పరుచుకుని దాన్ని ఆవిరి కాకుండా కాపాడుతుంది. రెప్ప నిండా మూసుకున్నప్పుడే అది బయటికొస్తుంది. తెర చూసేటప్పుడు మనం రెప్పలు కొట్టడమే తక్కువ, కొట్టినా సగంసగమే. నూనె లోపలే చిక్కబడిపోతుంది. కన్ను ఆరి మండగానే నీళ్ళు ఊరతాయి గానీ, పైన నూనె లేక నిలవవు. నోరు ఎండుతోందా, కీళ్ళు నొప్పులా అని కూడా అడిగారు. షోగ్రెన్ అనే జబ్బులో కూడా కళ్ళు ఇలాగే ఆరిపోతాయట, రక్త పరీక్ష రాశారు. అది లేదని రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

ఇంట్లో అంతా వేడి తగ్గించమంటుంటే ఆవిడ వేడే పెట్టమన్నారు! గట్టిపడ్డ నూనె కరగాలంటే 40 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి, అదీ పది నిమిషాలు. చెప్పినంత తేలిక కాదు. మెత్తటి గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి పెట్టుకుంటే రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకని పక్కన ఫ్లాస్కు, రెండు గుడ్డలు పెట్టుకుని మార్చి మార్చి వేసుకుంటాను. ముందు ముంజేతి మీద వేడి చూసుకోవాలి. ఆ వెంటనే పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి వేలితో మెల్లగా నిమరాలి. కంటిగుడ్డు మీద నొక్కకూడదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మొదటి వారాల్లో ఏ తేడా కనిపించక విసుగొచ్చింది.

కృత్రిమ కన్నీటి డ్రాప్స్ సంగతి వేరే చెప్పాలి. సీసా మందుల్లో చాలావాటికి పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు. పదేపదే వేసుకుంటే అదే కంటిని ఒరుస్తుంది. నాకు ప్రిజర్వేటివ్ లేనివి రాశారు, ధర ఎక్కువే. వాపు తగ్గడానికి సైక్లోస్పోరిన్ చుక్కలు రోజుకి రెండుసార్లు. వేయగానే మంట, గుణం కనిపించడానికి నెలలు. మంట ఓర్చుకోలేక మానేసేవాళ్ళు చాలామంది ఉంటారని డాక్టరమ్మ ముందే హెచ్చరించారు. మొదట కొద్ది రోజులు స్టీరాయిడ్ చుక్కలు కూడా ఇచ్చి, కంటి ప్రెషర్ చూసి ఆపేశారు. అవి సొంతంగా కొనుక్కుని వాడేవి కావు.

చేపనూనె మాత్రలు వేసుకోమని మా ఆడపడుచు పోరు. 2018లో వచ్చిన పెద్ద అమెరికన్ పరిశోధనలో అవి వాడినవాళ్ళకీ, ఆలివ్ నూనె మాత్రలు వాడినవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేను కొనలేదు.

ఆఫీసులో మానిటర్ కాస్త కిందికి దించాను, కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుంటుంది కాబట్టి. ఏసీ గాలి మొహం మీద పడకుండా కుర్చీ జరిపాను. ఎండాకాలం విజయవాడలో ఫ్యాన్ లేకుండా పడుకోమంటే మాత్రం నావల్ల కాదు, మంచం అటు తిప్పుకున్నాను.

ఇప్పుడు మామూలు రోజుల్లో డ్రాప్స్ గుర్తే రావు. 20వ తేదీ వారంలో మళ్ళీ గరగర మొదలవుతుంది. పోయినసారి తడి పొర ఏడు సెకన్లు నిలిచింది. వచ్చే నెల చెకప్‌లో సైక్లోస్పోరిన్ ఒక పూటకి తగ్గించవచ్చేమో అడగాలి.