ఫ్లోరిడాలో నా కేవ్ డైవింగ్ కోర్సు – వేలాడిన ఒక్క లైటు

నన్ను కేవ్ డైవింగ్ వైపు, అంటే నీళ్లతో నిండిన గుహల్లో ఈదడం వైపు లాగింది లోతు రికార్డులే. 1996లో సౌతాఫ్రికా బోస్మన్స్‌గాట్‌లో న్యూనో గోమెజ్ 282 మీటర్లు, 2024 జనవరిలో ఫ్రాన్స్ ఫాంట్ ఎస్ట్రమార్‌లో జేవియర్ మెనిస్కస్ 312 మీటర్లు, రాత్రుళ్లు కూర్చుని ఇవే చదివేవాణ్ణి. తీరా కోర్సుకి వెళ్తే మొదటి రోజంతా నీళ్లలోకే దిగనివ్వలేదు, గేర్ మొత్తం టేబుల్ మీద పరిచి విప్పడం, మళ్లీ కట్టడం, ఇదే పని.

వీపున రెండు సిలిండర్లు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌కి 7 అడుగుల హోసు, రెండో రెగ్యులేటర్ గడ్డం కింద రబ్బరు తాడుకి. ఎవరికైనా గాలి అయిపోతే మన నోట్లోదే తీసి ఇచ్చేస్తాం, అది పనిచేస్తోందని మనకి ముందే తెలుసు కాబట్టి. అంత పొడుగు హోసెందుకంటే సన్నటి సందులో పక్కపక్కన ఈదలేం, ఒకరి వెనక ఒకరు రావాల్సిందే. గేర్ తగిలించే క్లిప్పుల్ని కూడా ఇనప రింగులతో కాదు, తాడుతోనే కట్టించారు, ఎక్కడైనా ఇరుక్కుంటే కత్తితో కోసేయొచ్చని.

మూడో రోజు పీకాక్ స్ప్రింగ్స్‌లో లైట్లన్నీ ఆర్పేసి గైడ్‌లైన్, అంటే దారి తెలియడానికి గుహలో కట్టిన తాడు పట్టుకుని బయటికొచ్చే డ్రిల్. బొటనవేలు, చూపుడువేలు రింగులా చుట్టి తాడు వెంబడి వస్తున్నా, ఉన్నట్టుండి ఛాతీ దగ్గర ఎవరో పట్టి ఆపినట్టైంది. కంగారులో ముందుకి లాగా, ఇంకా బిగిసింది. నా పిక్క మీద బడ్డీ (నాతో జతగా దిగిన డైవర్) చెయ్యి అలాగే ఉంది, ఆ ఒక్క ధైర్యంతో ఆగి, కాస్త వెనక్కి జరిగి తడిమితే తెలిసింది, బ్యాకప్ లైటుని భుజం పట్టీ మీదుండే డి-రింగ్‌కి తగిలించాను గానీ కింద రబ్బరు బ్యాండులో దూర్చలేదు, అది వేలాడుతూ తాడుని పట్టేసింది. విడిపించుకునే లోపు ఊపిరి ఎంత వేగంగా తీశానో బయటికొచ్చి ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ చూస్తే గానీ అర్థం కాలేదు. అది 10 మీటర్ల లోతు కూడా లేదు.

ఆ రాత్రి నాకు డేవ్ షా గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2004లో అదే బోస్మన్స్‌గాట్‌లో 270 మీటర్లకి దిగిన మనిషి, అక్కడ పదేళ్ల కిందట చనిపోయిన కుర్రాడి శరీరం చూసి, దాన్ని పైకి తేవాలని 2005 జనవరి 8న మళ్లీ దిగాడు. రెండు చేతులకీ పనున్నప్పుడు లైటుని మెళ్లో వేసుకోవడం అలవాటు, ఆ రోజు తలకి కెమెరా హెల్మెట్ ఉండటంతో అది కుదరక లైటుని పక్కకి వదిలేశాడు, దాని వైరు తాడులో చిక్కుకుంది. ఆ లోతులో పెనుగులాడితే ఊపిరి బరువైపోయి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది. ఆయన తిరిగి రాలేదు. ఇది ఇంతకుముందు ఎన్నిసార్లు చదివానో, కానీ ఆ లాగుడు నా ఛాతీకి తెలిశాకే కన్నీళ్లొచ్చాయి.

మర్నాడు అదే డ్రిల్ మళ్లీ చేశా. దిగేముందు రెండు భుజం పట్టీల మీదా పైనుంచి కిందికి చెయ్యి జార్చి చూసుకున్నా, రెండు లైట్లూ బ్యాండులోనే ఉన్నాయి. ఈసారి ఎక్కడా తగల్లేదు, తాడు వేళ్ల మధ్య నుంచి అలా జారుతూనే ఉంది, కాసేపటికి ముందు బయటి వెలుగుకి నీళ్లు పచ్చగా కనబడ్డాయి.