జాకీల జతకి మూడు డాలర్లు చాలవు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో వారాంతాల్లో జరిగే నో-లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు, పందేనికి హద్దు లేని పోకర్) ఆటల్లో తరచుగా వినిపించే మాట "రివర్‌లో కొట్టేశాడు బావా". రివర్ అంటే టేబుల్ మీద తెరిచే ఐదో, చివరి ముక్క. నేనైతే ఆ డబ్బు రివర్‌లో పోయిందని ఒప్పుకోను. చాలాసార్లు అది ఫ్లాప్ (టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు) కూడా రాకముందే, రెయిజ్ (పందెం పెంచడం) చిన్నగా పెట్టినప్పుడే పోయింది.

ఆసుల జతనే తీసుకోండి. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలుంటే నూటికి 85 సార్లు మీదే గెలుపు. నలుగురుంటే అది 56కి దిగుతుంది, ఐదుగురుంటే సగం కన్నా కాస్త తక్కువ. ఆటలో అన్నిటికన్నా పెద్ద చేతి పరిస్థితే ఇలా ఉంటే, జాకీల జత నలుగురి మీద 40 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఫ్లాప్‌లో రాణో రాజో ఆసో కనీసం ఒకటి పడే అవకాశం 57 శాతం.

ఇప్పుడు మన ఇళ్లలో రోజూ జరిగేది చూద్దాం. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) అర డాలరు, ఒక డాలరు, అందరి దగ్గరా వందేసి. ముగ్గురు ఊరికే డాలరు వేసి లోపలికొచ్చారు. మీ చేతిలో ఇస్పేట్ జాకీ, కళావర్ జాకీ. మూడు డాలర్లకి రెయిజ్ చేశారు, చిన్న బ్లైండ్ వాడు తప్ప అందరూ కాల్ చేశారు, అంటే అంతే వేసి ఆటలో ఉన్నారు. ఐదుగురు, పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బు) పదిహేనున్నర. ఫ్లాప్‌లో ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఎనిమిది, కళావర్ నాలుగు. మీది ఓవర్‌పెయిర్, అంటే ఫ్లాప్ ముక్కలన్నిటికన్నా పెద్ద జత, ఇప్పటికి బహుశా మీరే ముందున్నారు. కానీ టర్న్ (నాలుగో ముక్క) సంగతి లెక్కపెట్టండి. మిగిలిన ఆఠీన్లు 11, ఆఠీన్ కాని ఆసులూ రాజులూ రాణులూ 9, ఎవరికైనా స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) కుదిర్చే ఆఠీన్ కాని పదులూ ఏడులూ 6. మీకు కనపడని 47 ముక్కల్లో 26 మిమ్మల్ని టెన్షన్ పెట్టేవే. అంటే సగానికి పైగా టర్న్‌లు మీకు నచ్చవు. అందుకే బలం ఉన్నప్పుడే, అంటే ఇప్పుడే, డబ్బు లోపలికి వెళ్లాలి.

ఇక్కడ ఐదు డాలర్లు పెడితే ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు) కోసం చూసేవాడు ఐదిచ్చి ఇరవై కోసం ఆడతాడు. వాడికి తర్వాతి ముక్క పడే అవకాశం 47లో 9, అంటే 19 శాతం. ఆ ధర వాడికి దాదాపు గిట్టుబాటే, పడితే మీ దగ్గర ఇంకా లాగుతాడు కూడా. అదే పన్నెండు పెడితే గిట్టాలంటే వాడికి 30 శాతం అవకాశం కావాలి, అంత లేదు. అయినా కాల్ చేస్తాడు. చెయ్యనివ్వండి, మనకి కావలసింది అదే. తప్పు ధరకి కొనేవాడే ఇంటి ఆటల్లో మన లాభం.

అసలు మొదట్లోనే ఎనిమిది పెట్టి ఉంటే? ఇద్దరు కాల్ చేశారనుకుందాం, పాట్ ఇరవై ఆరున్నర, మీ దగ్గర 92. ఫ్లాప్‌లో ఇరవై పెడితే ఒకడు ఉన్నాడు, పాట్ 66 దాటింది, మీకు మిగిలింది 72. మంచి టర్న్ వస్తే మొత్తం తోసెయ్యొచ్చు, తలనొప్పి లేదు. మూడు పెద్ద బ్లైండ్లు, ముందొచ్చిన ఒక్కొక్కరికీ ఇంకొకటి అని మామూలుగా చెప్తారు, ఆ లెక్కన ఆరు. మన టేబుళ్ల మీద ఆరుకి కూడా అందరూ వస్తారు, కాబట్టి ఎంత పెడితే ఒకరో ఇద్దరో మిగులుతారో అదే మీ సైజు. అది పదైతే పదే పెట్టండి. "అందరూ పారిపోతే?" అని అడుగుతారు. నాలుగున్నర డాలర్లు ఊరికే వచ్చాయి, సంతోషంగా తీసుకోండి.

మనలో చాలామంది రమ్మీ మీద పెరిగినవాళ్లం. మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40 అని ఎవరికీ చెప్పక్కర్లేదు, చెయ్యి చూడగానే పడేస్తాం. అదే మనుషులు పోకర్‌కి వచ్చేసరికి "ఒక్క ముక్క చూద్దాం" అని కూర్చుంటారు. వాళ్లకి ఆ ఒక్క ముక్క ఎప్పుడూ చవగ్గా అమ్మకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అదే నాకు ఎక్కువ ముఖ్యం. సాయంత్రమంతా కాల్ తప్ప ఇంకేమీ చెయ్యని పెద్దాయన టర్న్‌లో మీ బెట్ మీద రెయిజ్ చేస్తే, మీ జాకీలు అక్కడితో అయిపోయినట్టే. ఆయన బ్లఫ్ చేసే మనిషి కాదు. రెండు జతలో, సెట్టో (చేతిలో జత, టేబుల్ మీద దాని మూడోది), స్ట్రెయిటో ఉంది. పడెయ్యండి, చూపించమని కూడా అడగొద్దు. ముందు గట్టిగా పెట్టారు కాబట్టి చివరిదాకా పెట్టాలన్న రూలేమీ లేదు.

చిన్న రెండు జతలు కూడా ఇదే కోవ. బిగ్ బ్లైండ్‌లో 8-4 ఉంది, ఫ్లాప్ రాజు-8-4, ఎదుటివాడి దగ్గర ఆసులు. టర్న్‌లో ఇంకో రాజు పడితే వాడివి ఆసులూ రాజులూ, మీవి రాజులూ ఎనిమిదులూ, నాలుగుల జత ఎందుకూ పనికిరాకుండా పోయింది. సెట్ అలా కాదు, బోర్డు (టేబుల్ మీది ముక్కలు) జత కడితే అది ఫ్లష్ కన్నా పెద్దదైన ఫుల్ హౌస్ (ఒకే రకం మూడు, ఇంకో జత) అవుతుంది, అందుకే ఫ్లష్ పడినా సెట్‌తో ఒక చిన్న బెట్‌కి కాల్ చేస్తాను. 8-4తో అయితే ఫ్లాప్‌లోనే పాట్‌కి దగ్గరగా పెడతాను, మెల్లగా ఆడి దాచిపెట్టడానికి అందులో ఏమీ లేదు.