కోతకు ముందు కుండీలను నీళ్లతో కడగాలా?

మేడ మీద కుండీల్లో పాలకూర, టమాటా పెంచే వారికి తరచూ ఒక సలహా వినబడుతూ ఉంటుంది: కోతకు వారం ముందు ఎరువులు ఆపి, అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేంత వరకు మామూలు నీళ్లు పోస్తే, ఆకులోని రసాయనాలన్నీ కడుక్కుపోతాయట. ఈ చలికాలంలో పక్కపక్క కుండీల్లో రెండు విధాలుగానూ పెంచి చూశాను. పప్పులో వేసిన పాలకూర రుచిలో ఇంట్లో ఎవరూ తేడా కనిపెట్టలేకపోయారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. నీళ్లు కడిగేది మట్టిని మాత్రమే. వేరు పీల్చుకోగా ఆకు కణాల్లో నిలవ ఉన్న నైట్రేటు (ఎరువులోని నత్రజనిని మొక్క పీల్చుకునే రూపం) అడుగు రంధ్రంలోంచి వెనక్కి రాదు. దానిని మొక్కే ఎండ సాయంతో మాంసకృత్తులుగా మార్చుకోవాలి కనుక, పాలకూరను తెల్లవారుజామున కాక, ఎండ బాగా తగిలిన రోజు సాయంత్రం కోయడం మేలు. టమాటాకైతే ఈ కడుగుడు నష్టమే. పండే దశలో ఒక్కసారిగా నీళ్లెక్కువైతే కాయ పగులుతుంది.

అయితే కుండీ అంచున తెల్లటి పొర పేరుకుని, ఆకుల కొసలు మాడుతూ ఉంటే, మట్టిలో లవణాలు పెరిగి ఉండవచ్చు. అప్పుడు నీళ్లు నెమ్మదిగా, ధారాళంగా పోసి, అడుగు పళ్లెంలో చేరినదంతా పారబోయాలి. దీనికి కోత దాకా ఆగనక్కరలేదు. మా బోరు నీళ్లలోనే ఉప్పు ఎక్కువ (బిందె అడుగున పట్టిన తెలుపే సాక్ష్యం), అందువల్ల ఈ పనికి డ్రమ్ములో పట్టిన వాన నీటినే వాడుతున్నాను.