ఫోర్‌కాస్ట్ మీద తలా ఓ చెయ్యి

నేను డిమాండ్ ప్లానింగ్‌లో ఉన్నానని తెలిస్తే ఎవరైనా మొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?" అనే. ఆ ప్రశ్న తర్వాతైనా అడగొచ్చు. ముందు అడగాల్సింది వేరే ఉంది: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెని మీటింగ్‌లో ఎంతమంది మారుస్తారు? ఎవరు ఎంత మార్చారో ఎక్కడైనా రాసిపెడుతున్నారా? ఈ రెండో దానికి దాదాపు ఎప్పుడూ మౌనమే సమాధానం.

నాది యంత్రాల విడిభాగాల ప్లానింగ్. బేరింగులు, సీళ్లు, గాస్కెట్లు, ఫిల్టర్లు. వచ్చే నెల ఏది ఎన్ని అమ్ముడుపోతాయో ముందే చెప్పాలి. సిస్టమ్ ఒక అంకె ఇస్తుంది. సేల్స్ వాళ్లు దాన్ని కాస్త పెంచుతారు, టార్గెట్ కళ్ల ముందు ఆడుతుంటుంది కాబట్టి. స్టాక్‌లో డబ్బు ఇరుక్కుంటుందని ఫైనాన్స్ వాళ్లు కాస్త కోస్తారు. ప్రొడక్షన్ వాళ్లు బ్యాచ్ సైజుకి, అంటే ఒక్కసారికి తయారుచేసే లెక్కకి, సరిపోయేలా సర్దుతారు. చివరికి షీట్‌లో మిగిలిన అంకె ఎవరిదీ కాదు. తప్పితే మాత్రం అది ప్లానింగ్‌దే!

నిజానికి సిస్టమ్ ఇచ్చే అంకెలో పెద్ద మాయేమీ లేదు. చాలా చోట్ల లోపల నడిచేది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగే. ఈ నెలకి 100 అనుకున్నాం, 140 పోయాయి. తప్పు 40. అందులో ఐదో వంతు, అంటే 8, పాత అంచనాకి కలుపుతాం. వచ్చే నెల అంచనా 108. ఆ నెల 90 మాత్రమే పోతే తప్పు మైనస్ 18, దాని ఐదో వంతు తీసేస్తే 104.4. అంతే లెక్క. ఆ ఐదో వంతునే ఆల్ఫా అంటారు. అది పెద్దదైతే అంచనా ప్రతి కుదుపుకీ ఎగిరిపడుతుంది, చిన్నదైతే నిజంగా మార్పు వచ్చినా ఆలస్యంగా కదులుతుంది. రాబర్ట్ బ్రౌన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం జలాంతర్గాముల జాడ పట్టే పని చేస్తూ ఈ ఆలోచన మొదలుపెట్టి, తర్వాత అదే నౌకాదళం విడిభాగాల స్టాక్‌కి వాడాడు. ట్రెండునీ (మెల్లగా పెరిగే, తగ్గే ధోరణి) సీజన్‌నీ (ఏటా అదే కాలంలో వచ్చే హెచ్చుతగ్గులు) పట్టుకునే మార్గాన్ని 1957లో చార్లెస్ హోల్ట్ చూపిస్తే, 1960లో పీటర్ వింటర్స్ దాన్ని అసలు అమ్మకాల మీద పరీక్షించాడు. ఇవాళ ఎక్సెల్‌లో ఒక ఫార్ములాతో అయిపోయే పని.

"ఇంత పాత పద్ధతా?" అని కొత్తగా చేరినవాళ్లు మొహం చిట్లిస్తారు. స్పైరోస్ మక్రిడాకిస్ అనే పరిశోధకుడి బృందం 1982లో 1001 సిరీస్‌ల (కాలక్రమంలో వచ్చే అంకెల వరసలు) మీద అంచనా పద్ధతులకి పోటీ పెట్టి చూస్తే, గజిబిజి పద్ధతులు సింపుల్ పద్ధతుల కంటే బాగా చేస్తాయన్న గ్యారంటీ లేదని తేలింది. అప్పట్లో గణాంకవేత్తలకి ఇది మింగుడుపడలేదు. 2018లో లక్ష సిరీస్‌లతో పెట్టిన పోటీలో గెలిచింది స్మూతింగ్‌నీ న్యూరల్ నెట్‌వర్క్‌నీ కలిపిన పద్ధతి. ఆ తర్వాత వాల్‌మార్ట్ అమ్మకాల డేటా మీద జరిగిన పోటీలో మాత్రం మెషిన్ లెర్నింగ్‌దే పైచేయి. వేల వస్తువులు, రోజువారీ డేటా, ధరలు, పండగ రోజులు అన్నీ చేతిలో ఉంటే అది సాధ్యమే. నా దగ్గర ఒక్కో భాగానికి నెలకో అంకె ఉంటుంది, అందులో సగం సున్నాలు.

ఆ సున్నాల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒక పెద్ద సీల్ తీసుకోండి. నెలల వరసలో 0, 0, 6, 0, 0, 0, 4 అని పోతుంది. దీనికి మామూలు స్మూతింగ్ వాడితే 6 పోయిన వెంటనే అంచనా పైకి లేస్తుంది, తర్వాత సున్నాలు వచ్చేకొద్దీ దిగుతూ పోయి, సరిగ్గా మళ్లీ ఆర్డర్ వచ్చే ముందు అన్నిటికంటే కిందకి చేరుతుంది. అవసరం లేనప్పుడు స్టాక్ తెప్పిస్తుంది, అవసరమయ్యే వేళకి ఖాళీ చేయిస్తుంది. 1972లో క్రోస్టన్ దీనికి ఒక దారి చూపాడు. ఆర్డర్ వస్తే ఎన్ని పోతున్నాయి, రెండు ఆర్డర్లకి మధ్య ఎన్ని నెలలు పడుతోంది అనేవి రెండూ విడివిడిగా స్మూత్ చేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. సగటున 5 చొప్పున నాలుగు నెలలకోసారి పోతే నెలకి 1.25. ఈ లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుందని తర్వాత సింటెటోస్, బాయిలన్ అనే పరిశోధకులు తేల్చారు. ఆల్ఫా 0.2 అయితే 0.9తో గుణించి తగ్గించుకోమన్నారు.

ఇక్కడ ఇంకో చిక్కు. ఆ సున్నా ఎవరూ అడగక వచ్చిందా, అడిగినా గోడౌన్‌లో లేక వచ్చిందా? సిస్టమ్‌కి రెండూ ఒకటే. స్టాక్ అయిపోయిన నెలల్ని గుర్తు పెట్టకపోతే అంచనా తగ్గుతుంది, తగ్గింది కాబట్టి తక్కువ తెప్పిస్తాం, మళ్లీ అయిపోతుంది. ఏ పద్ధతి వాడినా ఈ డేటాతో వచ్చేవి కాకిలెక్కలే.

మళ్లీ మీటింగ్ దగ్గరికి వద్దాం. మనుషులు అంకెలు మార్చకూడదని నేననను. పెద్ద కస్టమర్ ప్లాంట్ మూసేస్తున్నాడని సేల్స్ వాళ్లకి తెలుస్తుంది, ఆల్ఫాకి తెలీదు. ఫిల్డ్స్, గుడ్విన్ అనే పరిశోధకుల బృందం 2009లో నాలుగు కంపెనీల నుంచి 60,000కి పైగా అంచనాలు తీసుకుని చూసింది. పెద్ద మార్పులు సగటున మేలు చేశాయి, చిన్న చిన్న సవరణలు తరచూ చెడగొట్టాయి. కిందకి దించిన వాటితో పోలిస్తే పైకి పెంచిన వాటి వల్ల ఉపయోగం చాలా తక్కువ. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. దించాలంటే ఏదో గట్టి సంగతి తెలిసుండాలి. పెంచడానికి ఉత్సాహం చాలు.

అందుకే మా షీట్‌లో కాలమ్‌లు పెంచాను. మొదటిది, పోయిన నెల ఎన్ని పోయాయో అదే అంకె (సీజన్ ఉన్న వాటికి పోయిన ఏడాది ఇదే నెల అంకె). తర్వాత సిస్టమ్ అంకె, సేల్స్ మార్చాక, ఫైనాన్స్ మార్చాక, ఆఖరుకి అసలు పోయినవి. ఒక్కో చెయ్యి పడ్డాక తప్పు తగ్గిందా పెరిగిందా అని పక్కనే చూసుకోవచ్చు. మొదటి కాలమ్‌నే ఓడించలేని అంకె కోసం గంటసేపు వాదించుకోవడం దండగ కదా.

తప్పుని కొలిచేది శాతాల్లో కాదు, యూనిట్లలో. అసలు అమ్మకం సున్నా అయితే శాతం లెక్కకే అందదు. పైగా 150 పోయేచోట 50 అన్నవాడి తప్పు 67 శాతం, 50 పోయేచోట 150 అన్నవాడిది 200 శాతం. రెండు చోట్లా తేడా వందే. శాతాన్ని బట్టి మార్కులు వేస్తే ఎవరైనా తక్కువే చెప్పడం నేర్చుకుంటారు.

కాలమ్‌లు పెట్టాక మీటింగ్‌లో గొంతులు కాస్త తగ్గాయి. చిన్న సవరణలు చాలావరకు ఆగాయి. ఇప్పుడు మార్పు చేసే ప్రతివాళ్లూ పక్కన కారణం రాయాలి. "ఫలానా కస్టమర్ రెండో లైన్ మొదలుపెడుతున్నాడు" అని రాస్తే తీసుకుంటున్నాం. "మార్కెట్ బాగుంది" అన్నది కారణమా కాదా అనే దాని మీద సేల్స్ మేనేజర్‌కీ నాకూ ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి తీసుకోవట్లేదు.