ఇరవై నుంచి ఏడున్నర దాకా

మొదటిసారి నేను మాత్రలు మానేసింది ఎవరికీ చెప్పకుండా. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు నాకు రాసిచ్చిన మందు, ఓలాంజపిన్ 20 మిల్లీగ్రాముల మాత్ర, రోజూ రాత్రి అమ్మ నా అరచేతిలో పెట్టేది. నాలుక కింద దాచుకుని పెరట్లో ఉమ్మేసేదాన్ని. రెండేళ్లలో 52 కిలోల నుంచి 79కి చేరాను. పుస్తకం పట్టుకుంటే ఒక పేరా చదివేసరికి దాని మొదలు మరిచిపోయేదాన్ని. ఈ మొద్దుతనం జబ్బుదా, మందుదా అని అడిగితే, అప్పటి డాక్టరు తల ఎత్తకుండానే “స్కిజోఫ్రీనియాకు జీవితాంతం వాడాలి, అంతే” అన్నారు. ఆ “అంతే”కు వచ్చిన కోపంతోనే మానేశాను.

మూడు వారాలు ఒళ్లంతా తేలిక. ఆ తేలికను చూసే నాకు జబ్బే లేదని నమ్మాను. నాలుగో వారం నిద్ర కరువైంది. ఆరో వారానికి పక్కింటి కుక్కరు కూతలో నా పేరు వినిపించసాగింది. అన్నంలో ఏదో కలిపావని అమ్మ మీద అరిచాను. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అమ్మ ముఖం ఆ రోజు ఎలా ఉందో ఇప్పటికీ తలచుకోలేను.

ఇంటికి వచ్చాక కూడా నా ప్రశ్న పోలేదు. “మందులు మాన్పించి తాయెత్తు కట్టించండి” అన్న బంధువులతో నేను చేతులు కలపలేదు. మందు పనిచేస్తుందని నా ఒంటికే తెలుసు. ఎంత కావాలన్నదే నా ప్రశ్న.

తమ్ముడు వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నాతో గంటసేపు మాట్లాడారు. మోతాదు సగం చేసినంత మాత్రాన మెదడు మీద ప్రభావం సగం తగ్గదనీ, కిందికి వెళ్లేకొద్దీ చిన్న తగ్గింపే పెద్ద మార్పు అవుతుందనీ, అందుకే అడుగులు చిన్నవి కావాలనీ కాగితం మీద గీత గీసి చూపించారు. పరిశోధనల సంగతీ దాచలేదు. మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవారి మీద నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనంలో, మందు తగ్గించినవారికి మొదట్లో జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందట. ఏడేళ్ల తర్వాత చూస్తే మాత్రం వారిలో 40 శాతం మంది కోలుకున్నారు, యథాతథంగా వాడినవారిలో 18 శాతమే. అది 2013 నాటి మాట. 2023లో బ్రిటన్‌లో 253 మంది మీద వచ్చిన ఫలితం వేరు: రెండేళ్లలో తీవ్రంగా తిరగబెట్టింది తగ్గించినవారిలో 25 శాతానికి, తగ్గించనివారిలో 13 శాతానికి. నలుగురితో కలిసి మెలిసి బతకడంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు. “రెండూ నిజమే. ఇవన్నీ తెలిశాక కూడా తగ్గించాలనుకుంటే కలిసి చేద్దాం” అన్నారు. అన్నేళ్లలో నన్ను మనిషిగా చూసి మాట్లాడిన మొదటి డాక్టరు ఆమే.

మొదలుపెట్టే ముందు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కుతో ముందస్తు ఆదేశం రాసుకున్నాను. మళ్లీ నా మాట నా వశంలో లేకపోతే తమ్ముడిని పిలవాలి, హాలోపెరిడాల్ అనే మందుతో నా దవడ బిగుసుకుపోయింది కాబట్టి అది వద్దు అని.

ఇరవై నుంచి పదిహేనుకు, తర్వాత పన్నెండున్నరకు, పదికి. ఒక్కో మెట్టు మీద నాలుగైదు నెలలు ఆగాం. నేను ఎన్ని గంటలు నిద్రపోయానో అమ్మ రోజూ నోటుపుస్తకంలో రాసేది. నేను దాచినా ఆ అంకెలు దాచవు. ఏడున్నర దాకా బాగానే సాగింది. ఐదుకు దిగిన రెండో నెలలో వరుసగా మూడు రాత్రులు “నాలుగు గంటలు” అని పడింది. ఆ ఉదయం పత్రికలో ఒక శీర్షిక నన్ను ఉద్దేశించే రాశారనిపించింది. ఈసారి దాచలేదు, అమ్మకు చెప్పాను. పది నిమిషాల్లో ఫోను, ఆ రాత్రే మళ్లీ ఏడున్నర. వారం తిరిగేసరికి నిద్ర వచ్చింది.

ఏడాదిగా అక్కడే ఉన్నాను. బరువు 68. సాయంత్రాలు ఎనిమిది మంది పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వచ్చే నెల డాక్టరుగారిని అడగాల్సింది నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను: ఐదు కాకుండా 6.25 అయితే?